ట్రూమన్ 1948లో అసలెలా గెలిచాడు?

ప్రశ్న: అమెరికాలో 1946లో రిపబ్లికన్లు కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఉభయసభలూ లాగేసుకున్నారు. ఇక డెమోక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. మరి 1948లో రిపబ్లికన్ అభ్యర్థి డ్యూయీ మీద 303–189 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాలవారీగా లెక్కేసేవి) ఎలా గెలిచాడండీ? రెండు రోజులుగా చదువుతున్నా, బుర్రకెక్కట్లేదు.

జవాబు: 1946 నాటిది చాలావరకు వంటింటి కోపం. యుద్ధం అయిపోయినా మాంసం దొరకదు, పైగా గనుల్లో, రైళ్లలో సమ్మెలు. అయితే గెలిచినవాళ్లు 1947లో ట్రూమన్ వీటోను తోసిపుచ్చి మరీ టాఫ్ట్-హార్ట్‌లీ చట్టంతో యూనియన్లకు ముకుతాడు వేశారు. దాంతో కార్మికులు మళ్లీ ఆయన వైపు తిరిగారు.

జవాబు: రైతుల్ని మర్చిపోయావన్నా! ధాన్యం నిల్వకు ప్రభుత్వం కొత్త గాదెలు సమకూర్చుకోకుండా ఆ కాంగ్రెసే అడ్డం పడింది. 1948లో మొక్కజొన్న విరగపండింది, ధర పడిపోయింది. దాచే చోటు లేనివాడు తెగనమ్ముకోవాల్సిందే (మా ఇంట్లో మిర్చితో అనుభవమే). రైలు చివరి బోగీ మీద నిలబడి ట్రూమన్ ఊరూరా ఇదే చెప్పాడు. మొక్కజొన్న రైతుల రాష్ట్రం అయోవా ఆయనకే పడింది.

జవాబు: నేనుండేది సెయింట్ లూయిస్‌లో. ‘డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్’ (ట్రూమన్‌ని డ్యూయీ ఓడించాడు) అని తప్పుగా అచ్చేసిన పేపర్ ఎత్తి చూపిస్తూ ఆయన నవ్వే ఫొటో ఇక్కడి యూనియన్ స్టేషన్‌లోదే. అసలు కామెడీ ఏంటంటే, ఆ పేపర్ షికాగో ట్రిబ్యూన్‌లో అచ్చు కార్మికులు సమ్మెలో ఉన్నారు, అందుకే ఫలితాలు తేలకముందే పేజీ పంపేయాల్సొచ్చింది.

ప్రశ్న అడిగినవారు: మరి డ్యూయీ గెలుస్తాడన్న గాలప్ ఎన్నికల సర్వే?

జవాబు: అక్టోబర్‌లోనే ఆపేశారు. ఇంకేం మారుతుందిలే అనుకున్నారు!