అమ్మానాన్నలతో ఇనే, కినోసాకి: నాలుగు రోజులు సరిపోతాయా?

నమస్తే అండీ. అక్టోబర్ చివర్లో అమ్మానాన్నలు ఒసాకాలో మా ఇంటికి వస్తున్నారు, వాళ్లని నాలుగు రోజులు జపాన్ సముద్రం వైపు తిప్పుదామని ఉంది. క్యోటో నుంచి రెండు గంటల రైలులో పైన్ చెట్ల ఇసుకతిన్నెకి పేరున్న అమనోహషిదతే, మర్నాడు బస్సులో ఇనే అనే జాలర్ల ఊరు, చివరికి తొయోఓకా మీదుగా వేడినీటి బుగ్గల ఊరు కినోసాకి. కారు లేదు.

ఇనేలో కింద పడవ, పైన మనుషులు ఉండే ఫునయా ఇళ్లు 230 దాకా నీళ్లంచునే వరసగా ఉంటాయి కదా, ఆ ఫొటో చూసినప్పటి నుంచి నాన్న పడుకుంటే అక్కడే పడుకుంటా అంటున్నారు. కానీ ఆయనకి మోకాళ్ల నొప్పులు, కింద పరుపు మీంచి లేవలేరు. మంచాలున్న ఫునయా ఎవరికైనా దొరికిందా?

అసలు టెన్షన్ అమ్మ తిండి. పూర్తి శాకాహారి, అక్కడేమో టోఫు పులుసులో కూడా చేప దాషీ (చేపతో కాచిన రసం) ఉంటుంది. ఎలక్ట్రిక్ కుక్కర్, ఆవకాయ ఎలాగూ మోసుకెళ్తాను, కానీ గదిలో వండుకోనిస్తారా?

ఇంకోటి, కినోసాకిలో అందరూ కలిసి స్నానం చేసే వేడినీటి స్నానశాలలు ఏడున్నా అమ్మ "అందరి ముందు బట్టలు విప్పి స్నానమా, ఛీ" అంటోంది. విడిగా స్నానగది ఇచ్చే బస మీరు ఉండి చూసింది ఉంటే చెప్పండి. రెండు రాత్రులు ఇనేలోనే ఉంచేసి కినోసాకి వదిలేయడం నయమా?