కుల్లా సరే, కూర్పాసం సరే. మరి శ్రీనాథుడి కాళ్లకు?

అడిగినవారు (గుంటూరు): మా నాటక బృందం వచ్చే నెలలో విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథుడి ఘట్టాన్ని ప్రదర్శించబోతోంది. దుస్తులన్నీ సిద్ధమయ్యాయి గానీ చెప్పుల దగ్గర పని ఆగింది. బజారులో ఒక కొల్హాపురి జత కొని, అట్ట కింద అంటించిన రబ్బరు పొరను ఊడదీయించి, పైపట్టీ (వారు) మీది ఇత్తడి గుండీలను తీయించి, ఆ కన్నాలను మైనం పట్టించిన దారంతో కుట్టించాను. ఇంతలో, టోపీ (కుల్లా) పెట్టాను, కోక చుట్టాను, ఇంకా దయ లేదా అని శ్రీనాథుడు కన్నడ రాజ్యలక్ష్మిని వేడుకున్న ‘కుల్లాయుంచితి’ చాటువులో పాదరక్షల ప్రస్తావన కూడా ఉన్నట్టు తోచింది. ‘ముం దొడ్గితిన్’ అన్నది తప్ప దాని ముందరి మాట ఎంతకీ గుర్తుకు రావడం లేదు. ఆయన తొడిగినవి చెప్పులేనా?

తెనాలి సభ్యురాలు: మీకు గుర్తు రానిది ‘మహాకూర్పాసము’. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో ‘చోలః కూర్పాసకః’ అని ఉన్నది కనుక అది రవికె వంటి పైతొడుగే తప్ప పాదరక్ష కాదు. చెప్పులను కూడా తొడుక్కుంటాం కాబట్టి మీ జ్ఞాపకంలో రెండూ కలిసిపోయాయి. నా దృష్టిలో ఆ ‘మహా’ అన్న మాటలోనే ఎత్తిపొడుపంతా ఉంది: రవికె అనదగిన దానిని మోకాళ్ల దాకా పెంచి తన ఒంటికి తగిలించారని కవి వాపోతున్నాడు.

అనంతపురం సభ్యుడు: పద్యాన్ని ఉదాహరించేటప్పుడు సరిగా ఉదాహరించడం మంచిది. అది ‘కుళ్లాయుంచితి’. మా సీమలో కుళ్లాయి అంటే టోపీ అని వేరుగా చెప్పనవసరం లేదు; గూగూడు కుళ్లాయిస్వామి పేరు వినని వారు ఇక్కడ ఉండరు.

తెనాలి సభ్యురాలు: స్వామి పేరు మీద నాకు వివాదం లేదండీ, ప్రాస మీద ఉంది. వెల్లుల్లి, చల్లా, తల్లీ అని మూడు పాదాలలోనూ ‘ల్ల’ ఉండగా మొదటి పాదానికి మాత్రం ‘ళ్ల’ ఎందుకు? పైగా పారసీకంలో అది ‘కులాహ్’. అందులో ళకారమే లేదు.

అనంతపురం సభ్యుడు: లళలకు అభేదం చెప్పిన పెద్దలున్నారని మీకు తెలియనిది కాదు. పారసీకంలో లేనంత మాత్రాన తెలుగు నోట పలకకూడదని నియమమేమీ లేదు.

బళ్లారి సభ్యుడు: అడిగిన ప్రశ్న చెప్పుల గురించి కనుక నాకు తోచినది చెబుతాను. ఆ పద్యంలో క్రియలను చూడండి: టోపీని ఉంచాడు, కోకను చుట్టాడు, కూర్పాసాన్ని తొడిగాడు. పాదరక్షలే అయి ఉంటే ‘మెట్టితిన్’ అనేవాడు. పాత తెలుగులో చెప్పులు మెట్టడమే గాని తొడగడం అరుదు. కన్నడంలో ‘మెట్టు’ అంటే నేటికీ చెప్పే. కన్నడ రాజ్యలక్ష్మినే వేడుకుంటున్న కవికి ఆ మాట తెలియదనుకోలేము.

విజయవాడ సభ్యుడు: శ్రీనాథుడు పాదుకలను పూర్తిగా మరచిపోలేదని నా వాదన. మరో పద్యంలో కవిసార్వభౌమ బిరుదాన్ని ‘పాదుకొల్పితి’ (నెలకొల్పాను) అన్నాడు కదా, ఆ శబ్దంలో పాదుక ధ్వనిస్తోంది.

తెనాలి సభ్యురాలు: ధ్వనిస్తే ధ్వనించనివ్వండి, పదం మాత్రం పాదు, కొల్పు అని విరుగుతుంది. మొక్క చుట్టూ కట్టే పాదులోని పాదే అది. వాదంలో ఓడించి గౌడడిండిమభట్టు అనే పండితుడి కంచుఢక్కను పగులగొట్టించిన వానికి తన బిరుదానికి పాదు కట్టడం తెలుసు.

హైదరాబాదు సభ్యుడు: దాదాపు 1520 నాటి విజయనగరాన్ని వర్ణించిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, జనంలో ఎక్కువమంది వట్టికాళ్లతోనే తిరుగుతారనీ, ఉన్న పాదరక్షలలో కొన్ని మొన తేలినవనీ, కొన్నింటికి అట్ట, పైన వారులు మాత్రమే ఉంటాయనీ రాశాడు. శ్రీనాథుడి కాలానికి అది మూడు తరాలైనా తరువాతి మాట; అయినా మీ కొల్హాపురి ఆ రెండో రకానికి దూరం కాదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: అట్ట అంచును పలుచగా చెక్కినప్పుడు లోపల నీలిబూడిద రంగు తేలితే అది క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు, అంటే 19వ శతాబ్దపు సరుకు. తంగేడు చెక్కతో ఊనిన (పదును చేసిన) తోలు లోపల కూడా గోధుమ రంగులోనే ఉంటుంది. కొత్త జత కిర్రుమంటే రంగస్థలం మీద పద్యం వినబడదు, కనుక వారం ముందు నుంచే ఆముదం పట్టించండి.

అడిగినవారు: చెక్కి చూశాను, గోధుమ రంగే కనిపించింది. ఆరెతో (తోలు కుట్టే సూదితో) పొడిచి, బొటనవేలు దూర్చే ఉంగటాన్ని కూడా కొత్తగా కుట్టించాను. ఇక ఆయన కొలువులోకి చెప్పులతో వెళ్లాడా, వాకిట విడిచి వెళ్లాడా అన్నదే తేలలేదు.

విజయవాడ సభ్యుడు: ఉంగటమా, ఉంగుటమా?

అనంతపురం సభ్యుడు: ఆ రెండూ తరువాత చూసుకోవచ్చు. ఆహ్వానపత్రిక అచ్చుకు వెళ్లక ముందే ‘కుళ్లాయుంచితి’ అని దిద్దించండి.