ఓణీల వేడుకకు గుర్తుగా పచ్చబొట్టు: ఏ నమూనా బాగుంటుంది?

ప్రశ్న (చుక్కలముగ్గు)
మా అమ్మమ్మ ముంజేతి మీద, ఊళ్లోకి వచ్చే ఎరుకల స్త్రీలు పొడిచిన పచ్చబొట్టు ఉంది: నాలుగు చుక్కలు, వాటి చుట్టూ ఒక మెలిక, పక్కన ఒక తేలు. నా కాలానికి ఆ పొడిచేవారు రాలేదు గాని, పెద్దమనిషినైనప్పుడు తాటాకు చాప మీద కూర్చోబెట్టడం, చిమ్మిలి పెట్టడం, మేనమామ ఓణీ తేవడం అన్నీ జరిగాయి. ఈ రెంటినీ కలిపి ఒక గుర్తు వేయించుకోవాలని ఉంది. పసిఫిక్ ద్వీపదేశమైన సమోవాలో స్త్రీలు వేయించుకొనే 'మలు' అనే పచ్చబొట్టు కూడా ఎదిగిన ఆడపిల్లకు వేసేదే కదా, అందులోని నమూనాలు కొన్ని తీసుకోవచ్చునా?

సమాధానం (తీరగాలి)
తీసుకోవద్దనే అంటానండి. మలు తొడల నుంచి మోకాళ్ల కింది వరకు ఉంటుంది. పురుషులు వేయించుకొనే 'పేఆ' నడుము నుంచి మోకాళ్ల వరకు ఉంటుంది. దువ్వెన వంటి పనిముట్టును చిన్న కర్రతో తడుతూ, వంశపారంపర్యంగా ఆ విద్య నేర్చినవారు వాటిని వేస్తారు. నొప్పికి తాళలేక పేఆను సగంలో ఆపివేస్తే ఇంటివారందరికీ తలవంపులుగా భావిస్తారు. 2013లో నైకీ సంస్థ పేఆను పోలిన నమూనాతో స్త్రీల వ్యాయామ దుస్తులు తెచ్చి, పసిఫిక్ ద్వీపవాసుల నిరసనతో వాటిని వెనక్కి తీసుకొంది. పురుషుల గుర్తును స్త్రీల దుస్తులపై ముద్రించారంటే, అడిగి తెలుసుకొనే ఓపిక కూడా లేకపోయిందన్నమాట.

సమాధానం (సూదిసిరా)
ఈ పని చేసేవాడిగా చెబుతున్నాను. మీ దగ్గరే కావలసినంత సరుకు ఉంది. తాటాకు చాప అల్లికను మణికట్టుకు పైన రెండు వేళ్ల వెడల్పు పట్టీగా గీసి, లోపల అమ్మమ్మ గారి నాలుగు చుక్కలను చిమ్మిలి నువ్వుల ఆకారంలో ఉంచవచ్చు. అయితే సిరా చర్మం లోపలి పొరలో నిలిచి ఏళ్లు గడిచేకొద్దీ కొంత వ్యాపిస్తుంది కనుక, గీతల మధ్య ఎడం ఎక్కువగా ఉంచకపోతే అల్లిక అంతా ఒక మచ్చగా మారుతుంది. వేళ్లపైన, అరచేతిలోన వద్దు, త్వరగా చెరిగిపోతుంది.

సమాధానం (ఈతచెట్టు)
నమూనా అందంగానే ఉంటుంది గాని, ఆ చాప ఆడపిల్లను అంటరానిదిగా ఒక మూల కూర్చోబెట్టిన చాప. దానిని జీవితాంతం చేతిమీద మోయడం నాకు సమ్మతం కాదు.

చుక్కలముగ్గు
మీ మాట న్యాయమేనండి, ఆ మూల కూర్చోవడం నాకూ నచ్చలేదు. చాపను విడిచిపెడతాను. అమ్మమ్మ చుక్కలు, వాటిని చుట్టిన మెలిక, చుట్టూ నువ్వు గింజలు చాలు. తేలును ఏం చేయాలో అమ్మమ్మనే అడుగుతాను.

సూదిసిరా
ముందు పెన్నుతో గీయించుకొని వారం రోజులు చూసుకోండి. పొడిపించుకొన్నాక ఏడాదిపాటు రక్తదానానికి అనుమతించరు, ఆ అలవాటు ఉంటే ముందే ఇచ్చి రండి.