జపాన్‌లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం: బతుకుతెరువా, రెండేళ్ళ సరదానా?

హన్మకొండ_పిల్ల:
అందరికీ నమస్తే. ఎంఏ ఇంగ్లీష్, బీఎడ్ అయిపోయింది, ఇక్కడ ప్రైవేట్ స్కూల్ల చెప్తున్న, జీతం బయటికి చెప్పుకునేటట్టు లేదు. జపాన్ల గవర్నమెంట్ బడులల్ల ఏఎల్‌టీ, అంటే అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్‌గా ఒక డిస్పాచ్ కంపెనీ, అంటే బడులకు టీచర్లను పంపే ఏజెన్సీ, ఆఫర్ ఇచ్చింది. నెలకు 2 లక్షల 30 వేల యెన్లు, గున్మా దిక్కు ఏదో చిన్న ఊరు. మా బాపు పో బిడ్డా అంటున్నడు, మా మేనమామేమో గదేం ఉద్యోగం, పోయి పిల్లలతోని పాటలు పాడిపిస్తవా అంటున్నడు. అక్కడ ఉన్నోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండ్రి, దీని మీద బతకొచ్చా, ముందుకు ఏమన్న ఉంటదా?

నిషికసాయి_నాయుడు:
మీ మావయ్య కరెక్టే చెప్పాడమ్మా. నేను టోక్యోలో ఐటీ, ఏఎల్‌టీలు చాలామంది తెలుసు. 2012లో యెన్‌కి 65 పైసలు పైన వచ్చేది, 2024కి 55 పైసల దగ్గర పడింది, వీళ్ళ జీతాలు మాత్రం పెరక్కపోగా తగ్గాయి, అప్పట్లో రెండున్నర లక్షలు ఇచ్చేవాళ్ళు ఇప్పుడు రెండు ముప్పై అంటున్నారు. ఇంకోటి, 1987లో ఇక్కడి గవర్నమెంట్ జెట్ ప్రోగ్రాం మొదలెట్టిన దగ్గర్నుంచీ విదేశీ టీచర్లని తెప్పిస్తూనే ఉన్నారు, చివరికి ఈఎఫ్ అనే సంస్థ దేశాలకిచ్చే ఇంగ్లీష్ ర్యాంకుల్లో 2024లో 116 దేశాల్లో 92వ ప్లేస్. ఇంక నువ్వెళ్ళి ఉద్ధరించేదేముంది? టీచర్ పక్కన నిలబడి ఆపిల్, బనానా అని చదవాలి, పిల్లలు మళ్ళీ అంటారు. టేప్ రికార్డర్ ఉద్యోగం. బీఎడ్ చేసిన పిల్లవి, నీకెందుకమ్మా ఇది.

గున్మా_గోంగూర:
నాయుడుగారూ రూపాయల్లోకి మార్చుకుని చూస్తే ఇక్కడ ఎవరి జీతానికైనా ఏడుపే వస్తుంది, ఖర్చు పెట్టేది యెన్లలోనే కదండీ. మాది తెనాలి, నేను గున్మాలోనే ఏఎల్‌టీని, ముందు డిస్పాచ్‌లో చేశా, ఇప్పుడు నేరుగా మా ఊరి ఎడ్యుకేషన్ బోర్డు కింద, అంటే బడులు చూసుకునే మున్సిపాలిటీ ఆఫీసు.

చెల్లీ లెక్క చెప్తా విను. 2 లక్షల 30 వేలలో పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్, ఇన్‌కం టాక్స్ పోను చేతికి లక్షా తొంభై వేలు అటూఇటూ వస్తుంది. పల్లెల్లో అద్దె నలభై, యాభై వేలు. మొదటి ఏడాది బాగానే మిగులుతుంది, రెండో ఏడాది జూన్‌లో రెసిడెంట్ టాక్స్ అని ఇంటికి కవర్ వస్తుంది, అది పోయిన ఏడాది ఆదాయం మీద కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట్లో ఉండదు, ఆ కవర్ చూసి లబోదిబోమన్నవాళ్ళు బోలెడుమంది. నీ జీతానికి నెలకి పదివేల దాకా పడుతుంది, ముందే పక్కన పెట్టుకో. చలికాలం కిరోసిన్ హీటరే గతి, 18 లీటర్ల డబ్బా పట్టుకుని పెట్రోల్ బంకుకి నువ్వే వెళ్ళాలి. పొద్దున్నే కొండల మీంచి ఒక పొడిగాలి కొడుతుంది, కరక్కాజె అంటారు, దానికి ఎదురు సైకిల్ తొక్కి స్కూలుకెళ్ళేసరికి చెవులు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇక టేప్ రికార్డర్ గురించి. ఉంటుంది, కాదనను, జూనియర్ హైస్కూల్లో ఎంట్రన్స్ పరీక్ష భయంతో ఉన్న టీచర్ దగ్గర పడితే పీరియడంతా మూల నిలబడే ఉంటాం. ప్రైమరీలో సంగతి వేరు. క్లాస్ టీచర్లకి ఇంగ్లీష్ మాట్లాడటమంటే భయం, లెసన్ సగానికి సగం మనమే నడుపుతాం. అసలు పని క్లాసులో కన్నా భోజనం దగ్గర జరుగుతుంది అంటాను నేను. మధ్యాహ్నం పిల్లలే తెల్ల టోపీలు, ఏప్రాన్లు వేసుకుని బకెట్లు మోసుకొచ్చి వడ్డిస్తారు, ఆరోజు ఎవరైనా రాకపోతే మిగిలిన పుడ్డింగ్ కోసం క్లాసంతా లేచి రాయి-కాగితం-కత్తెర ఆడతారు, నన్ను కూడా ఆడమంటారు. క్లాసులో నోరు విప్పని ఐదో తరగతి పిల్లాడు అక్కడ నా ప్లేట్ చూసి "నో మీట్? వై?" అన్నాడు. వాడికి ఇంగ్లీష్ అవసరం పడింది, మాట్లాడాడు.

అన్నట్టు వెజిటేరియన్ అయితే ముందే చెప్పు. నెల మెనూ కాగితం ముందే ఇస్తారు, ఏరోజు ఏముందో చూసుకోవచ్చు, కానీ మిసో సూప్‌లో కూడా ఎండు చేప రసం ఉంటుంది, దాన్ని వాళ్ళు చేప కింద లెక్కెయ్యరు.

ఒసాకా_మాజీ:
మాది అనంతపురం. ఒసాకాలో ఎయికైవాలో చేసినా, అంటే ప్రైవేట్ ఇంగ్లీష్ మాట్లాడే క్లాసులు. మధ్యాహ్నం పన్నెండుకు మొదలైతే రాత్రి తొమ్మిది, శని ఆదివారాలు ఫుల్లు, మధ్యలో స్టూడెంట్లకి కొత్త కోర్సు అంటగట్టల్ల. దానితో పోలిస్తే ఏఎల్‌టీ చాలా మేలు. ఎయికైవాలో ఇంకో రిస్క్ ఉంది, 2007 అక్టోబర్‌లో నోవా అనే పెద్ద చెయిన్ దివాలా తీస్తే వేలమంది విదేశీ టీచర్లు జీతం రాక, కంపెనీ ఇచ్చిన ఇంటి నుంచి కూడా పొమ్మంటుంటే రోడ్డున పడినారు.

కానీ అక్కా మీరు ఒకటి దాటేసినారు. బోర్డు కింద ఉండేది వేరు, డిస్పాచ్ వేరు. డిస్పాచ్‌లో కూడా రెండు రకాలు. ఒకదాంట్లో స్కూలు నీకు పని చెప్పచ్చు. ఇంకోదాంట్లో కంపెనీ మొత్తం పనిని కాంట్రాక్ట్‌కి తీసుకుంటాది, అప్పుడు క్లాసులో పక్కనే ఉన్న టీచర్ నీకు నేరుగా ఇది చెయ్యి అని చెప్పకూడదు, చెప్తే చట్టం ఒప్పుకోదు, అన్నీ కంపెనీ ద్వారానే. ఇద్దరూ కలిసి క్లాస్ చెప్పల్ల, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు! ఇంక ఆ క్లాసు ఎట్లుంటాదో మీరే చెప్పండి. ఇంకొకటి, చాలా కంపెనీలు వారానికి 29.5 గంటలని కాంట్రాక్ట్ రాసేవి, ఇన్సూరెన్స్ తప్పించుకోవడానికి. రూల్ మారింది, 2016లో 500 మందికి పైన ఉన్న కంపెనీలకి, 2022లో 100కి పైన, 2024 అక్టోబర్ నుంచి 50కి పైన ఉన్నవాటికి కూడా, వారానికి 20 గంటలు దాటితే కట్టాల్సిందే. చెల్లెలి కాంట్రాక్ట్‌లో గంటలు ఎన్ని రాసినారో చూడమనండి.

ఇద్దరుపిల్లల_అమ్మ:
నేను సైతామాలో ఉంటా, టీచర్ని కాదు, మా పెద్దాడు ఇక్కడి గవర్నమెంట్ స్కూల్లో ఐదు. మాట్లాడేవాళ్ళంతా టీచర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు కాబట్టి తల్లిగా చెప్తున్నా. 2020 నుంచి ఐదు, ఆరు తరగతులకి ఇంగ్లీష్ మార్కులు వేసే సబ్జెక్ట్ అయింది, ఏడాదికి 70 పీరియడ్లు, మూడు, నాలుగుకి 35. మావాడి స్కూలుకి వచ్చే ఏఎల్‌టీ ఫిలిప్పీన్స్ ఆవిడ, వాడికి ఆవిడంటే ప్రాణం. కానీ ఏప్రిల్ రాగానే ఆవిడ ఉంటుందో లేదో స్కూలుకే తెలియదట, కంపెనీకి టెండర్ దక్కితే ఉంటుంది లేకపోతే వేరే కంపెనీ వేరే మనిషి. నాయుడుగారు 92వ ర్యాంకు ఏఎల్‌టీల నెత్తిన వేస్తున్నారు, వారానికి రెండు పీరియడ్లు, ఏటా మారే మనుషులతో ఏ దేశమైనా అక్కడే ఉంటుంది.

నిషికసాయి_నాయుడు:
అమ్మా నేనంటున్నదీ అదేగా! ఏటా మార్చేసే ఉద్యోగానికి ఆ పిల్లని రమ్మంటారేంటి. గున్మా మేడంగారిది కూడా పర్మనెంట్ కాదు, 2020 నుంచి మున్సిపాలిటీలు పెట్టుకునేవాళ్ళంతా ఏడాది కాంట్రాక్ట్ స్టాఫే. ప్రైవేట్‌లో అయితే ఐదేళ్ళు దాటితే పర్మనెంట్ చెయ్యమని అడిగే హక్కుంది, వీళ్ళకి అదీ వర్తించదు. కాదంటారా?

గున్మా_గోంగూర:
కాదనను. ప్రతి మార్చిలో కాగితం మీద సంతకం పెట్టేదాకా గుండెల్లో దడే. కానీ బోనస్ ఉంది, ఆగస్టు సెలవుల్లో జీతం కోత లేదు, క్యోతో సెన్సేయ్, అంటే మా వైస్ ప్రిన్సిపాల్, నాతో నేరుగా మాట్లాడతాడు. కట్టిన పెన్షన్ కూడా ఊరికే పోదు, ఇండియా జపాన్ మధ్య పెన్షన్ ఒప్పందం 2016 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది, అది వద్దనుకుంటే వెళ్ళిపోయేటప్పుడు కొంత వెనక్కి తీసుకోవచ్చు, 2021 నుంచి ఐదేళ్ళ దాకా లెక్కేస్తున్నారు. ఐటీలో మాత్రం ఎంతమంది పదేళ్ళు ఒకే కంపెనీలో ఉన్నారండీ?

హన్మకొండ_పిల్ల:
అక్కా ఒక డౌట్. నా యాస? నేటివ్ స్పీకర్ గావాలె అంటరని విన్న. ఇంకా ఈ జెట్ ప్రోగ్రాంకి నేను పెట్టుకోవద్దా?

గున్మా_గోంగూర:
పెట్టుకో, కానీ సగానికి పైగా అమెరికా వాళ్ళే, ఇండియా నుంచి చాలా తక్కువమంది. జీతం మాత్రం వాళ్ళదే బెటర్, మొదటి ఏడాదికి 33 లక్షల 60 వేల యెన్లు ఉండేది, 2025లో ఇంకా పెంచారు. యాస గురించి పిల్లలెవరూ అడగరు, అడిగేది పెద్దవాళ్ళే, అదీ ఇంటర్వ్యూలోనే. వీసాకి డిగ్రీతో పాటు పన్నెండేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివినట్టు చూపించాలి, ఒకటో తరగతి నుంచి సర్టిఫికెట్లు వెతికి పెట్టుకో. మధ్యలో తెలుగు మీడియం ఉంటే ఇప్పుడే చూసుకో.

హన్మకొండ_పిల్ల:
ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టిన. 29 గంటలన్నర అని రాసిన్రు, ఇన్సూరెన్స్ ఉంటదట. ఆగస్టు, డిసెంబర్, మార్చిల సెలవులు ఎక్కువ కాబట్టి జీతం కోస్తరట, ఆగస్టుల 60 శాతమే ఇస్తరట.

నిషికసాయి_నాయుడు:
చూశారా! టోక్యోలో కోతో వార్డులో 2004 నుంచి ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది, సీబీఎస్‌ఈ, అలాంటి చోట్ల నీ బీఎడ్‌కి విలువుంటుంది. ముందు అక్కడ ట్రై చెయ్యమ్మా.

ఒసాకా_మాజీ:
అది కూడా చెయ్యనీలే. కానీ వచ్చేదైతే ఆ కోత కాంట్రాక్ట్‌లో ఏ పేజీలో ఉందో చూసుకొని సంతకం పెట్టు. ఏమన్నా తేడా వస్తే టోక్యో దిక్కు టోజెన్, మా దిక్కు జనరల్ యూనియన్ ఉన్నాయి, విదేశీ టీచర్ల కేసులు వాళ్ళే చూస్తారు.

గున్మా_గోంగూర:
60 శాతంతో ఆగస్టు గడిపినవాళ్ళం ఇక్కడున్నాం, జూలైలో దాచుకుంటే గడుస్తుంది. బోర్డులు ఇండియాలో ఉన్నవాళ్ళని నేరుగా పెట్టుకోవడం అరుదు, ఇక్కడ ఉన్నవాళ్ళనే పిలుస్తారు, కాబట్టి రావడం దీంతోనే రా, ఒక ఏడాది చెయ్, చలికాలంలో బోర్డుల నోటీసులు పడతాయి, నాకు మెసేజ్ పెట్టు. లైసెన్స్ ఉంటే ఇంటర్నేషనల్ చేయించుకుని తెచ్చుకో, ఇక్కడ బస్సు గంటకొకటి.