అమ్మకి 61 ఏళ్ళు, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాలా వద్దా?

ఒంగోలు_టు_మారతహళ్ళి:
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు, ఉద్యోగం బెంగళూరులో. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది. పదిహేనేళ్ళుగా వినికిడి తగ్గుతూ వస్తోంది. ఎడమ చెవికి ఆరేళ్ళుగా ఏమీ పెట్టుకోవడం లేదు, కుడి చెవికి ఐదేళ్ళ కిందట ఒంగోల్లో కొన్న మిషన్ ఉంది. కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, తలుపు కొడితే తెలుస్తుంది, కానీ మాట అర్థం కాదు. "పాలొచ్చాయా" అంటే "కాలికేమైందిరా" అంటుంది. పిన్ని ఫోన్ చేస్తే ఎత్తి వెంటనే నా చేతిలో పెట్టేస్తుంది.

ఇక్కడ డాక్టర్ చూసి, మిషన్ పెట్టుకున్నా మాటలు 18 శాతమే అర్థమవుతున్నాయి, ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) చేయిద్దాం అన్నారు. ఒక చెవికి 9 లక్షల ఎస్టిమేట్ ఇచ్చారు. అమ్మేమో "ఈ వయసులో నా తలకాయ కోయించడం ఎందుకురా, ఆ డబ్బు పాప పేరు మీద వెయ్యి" అంటోంది. పెద్దవాళ్ళకి చేయించిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

చెవిటి_మేళం:
నా పేరు చూసి నవ్వుకోండి, మా ఆఫీసులో వెనక అనుకునేది ముందే పెట్టేసుకున్నా. చెన్నైలో ఉంటాను, 44 ఏళ్ళప్పుడు చేయించుకున్నా, ఇప్పటికి మూడేళ్ళు. ఆపరేషన్ గురించి అంత భయపడక్కర్లేదు, చెవి వెనక కోత, రెండు మూడు గంటల పని, మూడోరోజు ఇంటికొచ్చేశా. కొన్నాళ్ళు తల తిరిగింది, నాలుక మీద ఇనుప రుచి, రెండూ పోయాయి.

అసలు కథ మూడు వారాల తర్వాత స్విచ్ ఆన్ చేసినప్పుడు మొదలవుతుంది. మా ఆవిడ "వినిపిస్తోందా" అని అడిగితే నాకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపించింది. ఇంతేనా అని ఆటోలో ఏడ్చేశా. అది మామూలేనట, మెదడు ఈ కొత్త శబ్దాన్ని మాటగా పట్టుకోవడం నేర్చుకోవాలి. రోజూ గంటసేపు ఆవిడ పేపర్ చదువుతుంటే నేను ఆ లైన్ల మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళేవాణ్ణి. నెల తర్వాత ఒక పొద్దున వంటింట్లో ఆవాలు చిటపటమనడం హాల్లోంచి పట్టుకున్నా! ఫోన్ మాట్లాడటానికి ఏడు నెలలు పట్టింది.

కాబట్టి ముందే చెప్తున్నా, వెనకటి చెవి తిరిగి రాదు. హోటల్లో గోల మధ్య ఇప్పటికీ తడబడతా. డిసెంబర్ కచేరీలకి వెళ్తే మృదంగం బ్రహ్మాండంగా ఉంటుంది, వయొలిన్ మాత్రం కర్ర కోస్తున్నట్టే. రాత్రి చెవి మీద పెట్టుకునే బయటి ముక్క తీసేస్తే చీమ చిటుక్కుమన్నా వినపడదు, పైన వాళ్ళు మంచాలు జరుపుకున్నా నాకు హాయి.

వినికిడి_అక్క:
బెంగళూరులోనే ఆడియాలజిస్టుని, వినికిడి పరీక్షలు చేస్తుంటా. తమ్ముడూ, ఆ 18 శాతం ఏ భాషలో వచ్చింది? రిపోర్ట్ తీసి చూడు. ఈ టెస్టులో పదాలు వినిపించి తిరిగి చెప్పమంటారు. రాని భాషలో పదాలు ఇస్తే చెవి బాగున్నవాళ్ళకే మార్కులు తగ్గుతాయి. తెలుగు పదాలతో చేయగలిగేవాళ్ళు దొరుకుతారు, అడిగి మరీ చేయించు. రెండోది, ఐదేళ్ళ కిందటి మిషన్‌ని ఇప్పటి వినికిడి చార్టు ఆడియోగ్రామ్‌కి తగ్గట్టు ఎవరైనా మళ్ళీ సెట్ చేశారా? సరిగ్గా సెట్ చేసిన మిషన్ కొన్నాళ్ళు వాడి చూశాక వచ్చే మార్కునే లెక్కలోకి తీసుకోవాలి.

అది కూడా తక్కువే వస్తే ఇంప్లాంట్ ఆలోచించాల్సిందే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చచ్చిపోయాక ఎంత పెద్ద శబ్దం పంపినా లాభం లేదు, స్పీకర్ చిరిగాక వాల్యూమ్ పెంచినట్టే ఉంటుంది. ఇంప్లాంట్ ఆ కణాలతో పని లేకుండా నేరుగా వినికిడి నరాన్ని కరెంటుతో కదిలిస్తుంది. అందుకే ముందు సీటీ, ఎంఆర్ఐ తీసి నరం ఉందో లేదో చూస్తారు. కంపెనీని బట్టి ఆ కరెంటు పంపే ఎలక్ట్రోడ్లు 12, 16, 22 ఉంటాయి, ఆ నంబరు చూసి కొనొద్దు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా న్యుమోకాకల్ టీకా ముందే వేయించాలి.

వయసు గురించి భయం వద్దు, మత్తు తట్టుకునే ఆరోగ్యం ఉంటే డెబ్బై దాటినవాళ్ళకీ చేస్తారు. చెవి ఎన్నాళ్ళు ఖాళీగా ఉందన్నదే పెద్ద విషయం. పుట్టు చెవుడుతో పెద్దయ్యాక చేయించుకున్నవాళ్ళకి మాట అంతగా అందదు. మీ అమ్మ యాభై ఏళ్ళు మాట విన్న మనిషి, ఆరేళ్ళ ఖాళీ మరీ ఎక్కువేం కాదు. సాధారణంగా బాగా పోయిన చెవికి పెట్టి, రెండో చెవికి మిషన్ ఉంచుతారు. ఎందుకంటే పెట్టిన చెవిలో మిగిలిన కాస్త వినికిడి పోయే అవకాశం ఉంది. స్కాన్ చూడకుండా నేనింతకన్నా చెప్పకూడదు.

నెల్లూరు_రామ్:
నాది చేదు అనుభవం, కోపం వద్దు. మా నాన్నకి చెన్నైలో చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. "స్విచ్ వేస్తే వినపడుతుంది" అని మాత్రమే చెప్పారు. మ్యాపింగ్‌కి (పరికరాన్ని మనిషికి తగ్గట్టు సెట్ చేయడానికి) పదే పదే రావాలని, రోజూ ఇంట్లో ఒకరు కూర్చుని సాధన చేయించాలని డబ్బు కట్టాకే తెలిసింది. ఆయన నెల్లూరులో, నేను చెన్నై పెరంబూరులో. రెండుసార్లు వచ్చి మానేశారు. ఇప్పుడా ప్రాసెసర్, అదే బయటి ముక్క, బీరువాలో అమ్మ పట్టుచీరల కింద ఉంది. వారంటీ అయిపోయాక బయటి ముక్క పాడైతే మళ్ళీ లక్షల్లోనే, అది కూడా లెక్కేసుకో. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలో ఇంప్లాంట్ సాయం పిల్లలకే, మనకి రాదు. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకో. మీ ఇంట్లో పగలు అమ్మతో మాట్లాడేదెవరు?

ఒంగోలు_టు_మారతహళ్ళి:
అక్కా, రిపోర్ట్ చూశా. పదాలన్నీ కన్నడ. అమ్మకి కన్నడలో "ఊట ఆయ్తా" తప్ప ఇంకో ముక్క రాదు! వాళ్ళూ అడగలేదు, నాకూ తట్టలేదు.

నిన్న రాత్రి క్యాలెండర్ మొహానికి అడ్డం పెట్టుకుని ఇరవై మాటలు అన్నా. ఏడు చెప్పింది. సంచిని మంచి అంది, తాళాన్ని పాలెం అంది. ఎనిమిదో మాటకే "ఆ అట్ట తియ్యరా, నీ మొహం కనపడాలి" అని గోల. ఇన్నాళ్ళూ నా పెదాలు చూసే నెట్టుకొచ్చిందన్నమాట. మిషన్ మళ్ళీ సెట్ చేయించి, తెలుగులో టెస్ట్ పెట్టించుకుంటున్నాం.

రామ్ గారూ, పగలు ఎవరూ ఉండరు. మా ఆవిడది వర్క్ ఫ్రమ్ హోమ్ వారానికి రెండు రోజులే. సాయంత్రాలు పాపకి రెండో తరగతి తెలుగు వాచకం అమ్మ చేత చెప్పిద్దామనుకుంటున్నాం, పాప చదువుతుంటే అమ్మ వేలు పెట్టి చూసుకుంటుంది.

అమ్మ డబ్బు సంగతి వదిలేసి ఒక్కటే అడిగింది, "మా చెల్లితో ఫోన్లో మాట్లాడగలనా?" అని.

చెవిటి_మేళం:
మాట్లాడతారని మాటివ్వలేను తమ్ముడూ, నాలాగే కుదిరినవాళ్ళూ ఉన్నారు, ఫోన్ ఎప్పటికీ కుదరనివాళ్ళూ ఉన్నారు. వచ్చే నెల పెళ్ళికి వైట్‌ఫీల్డ్ వస్తున్నా. అమ్మని తీసుకురా, ఆ క్యాలెండర్ కూడా తెచ్చుకో. అది అడ్డం పెట్టి నన్నేమైనా అడగమను, ఎంత పట్టుకున్నానో ఎంత తప్పానో ఆవిడే చూస్తారు.