మస్కటీర్ల చిత్రాల్లో రెండవ భాగం ఎందుకు అంత చీకటిగా ఉంటుంది?

ప్రశ్న:
అలెగ్జాండర్ డ్యూమా 1844లో వెలువరించిన, ఫ్రెంచ్ రాజుగారి అంగరక్షక సైనికులైన మస్కటీర్ల కథ ‘త్రీ మస్కటీర్స్’ నవలను రిచర్డ్ లెస్టర్ 1973, 1974లలోనూ, మార్టిన్ బూర్బులోన్ 2023లోనూ రెండేసి చిత్రాలుగా తీశారు. మొదటి చిత్రానికి ఫ్రాన్స్ రాణిగారు ఆంగ్లేయుడైన బకింగ్‌హామ్ ప్రభువుకు ఇచ్చిన వజ్రాలను తిరిగి తెచ్చే ఉదంతం ఆయువుపట్టు కాగా, రెండవది ఫ్రెంచ్ రేవుపట్టణం లా రొషెల్ ముట్టడి నేపథ్యంలో పగలతో, మరణాలతో బరువెక్కుతుంది. ఈ మార్పు దర్శకులు తెచ్చినదా, మూలంలోనే ఉన్నదా? వీటిని సీక్వెల్స్‌గా చూడాలా, ఒకే కథలోని రెండు సగాలుగా చూడాలా?

మొదటి సమాధానం:
మూలంలోనే ఉన్నది. వజ్రాల కథ నవలలో మూడో వంతు దగ్గరే ముగిసిపోతుంది. ఆ తరువాత కథను నడిపేది కార్డినల్ రిషెల్యూ గూఢచారిణి మిలేడీయే: తనకు కాపలా ఉన్న ఆంగ్ల అధికారి ఫెల్టన్‌ను వశపరచుకొని బకింగ్‌హామ్ ప్రభువును హత్య చేయించేదీ, కథానాయకుడు దార్తాన్యాన్ ప్రేయసి కాన్‌స్టాన్స్‌కు విషమిచ్చేదీ ఆమే. చివరకు లీస్ నది ఒడ్డున ఆమెకు మరణశిక్ష విధించేది మన కథానాయకులే, వారిలో ఆథోస్ ఒకప్పుడు ఆమెకు భర్త కూడా కావడం వల్ల, ఆ ముగింపు ఎంత న్యాయమైనదైనా విజయంలా అనిపించదు. లెస్టర్ ఈ చేదును దాచలేదు. గడ్డకట్టిన నీటిపై జరిగే కత్తియుద్ధంలో కూడా వీరులు జారుతూ, రొప్పుతూ, అలసిపోతూ పోరాడతారు.

రెండవ సమాధానం:
లెస్టర్ చిత్రాలు ఒకే చిత్రీకరణలో తయారయ్యాయి కనుక అవి రెండు సగాలే. ఒక్క చిత్రానికే ఒప్పుకున్నామని నటులు న్యాయపోరాటానికి దిగారు. ఆ తరువాత, ఎన్ని చిత్రాలు తీస్తున్నారో ముందే చెప్పాలనే షరతు హాలీవుడ్ ఒప్పందాల్లోకి నిర్మాతల ఇంటిపేరైన సాల్‌కిండ్ పేరుతోనే వచ్చింది.

మూడవ సమాధానం:
నా దృష్టిలో అసలైన సీక్వెల్ డ్యూమా 1845లో రాసిన ‘ట్వెంటీ ఇయర్స్ ఆఫ్టర్’. అందులో దార్తాన్యాన్, పోర్తోస్ ఫ్రాన్స్ ప్రధానమంత్రి మజరాన్ పక్షాన, ఆథోస్, అరామిస్ తిరుగుబాటుదారుల పక్షాన నిలుస్తారు; మిలేడీ కొడుకు మోర్డాంట్ తల్లి చావుకు పగ తీర్చుకోవడానికి బయలుదేరుతాడు. స్నేహితులే ఎదురెదురు పక్షాల్లో నిలిచే ఇంత గొప్ప కథను వదిలి, సినిమావారు 1929లోనూ 1998లోనూ డ్యూమా మస్కటీర్ల కథల్లో చివరిదైన, ముసుగు తొడిగిన రహస్య ఖైదీ ఉన్న ఇనుప ముసుగు కథ వైపే వెళ్ళడం నాకు బాధ కలిగిస్తుంది. లెస్టర్ మాత్రం 1989లో ఈ నవలనే ఎంచుకున్నారు. మోర్డాంట్‌ను కూతురిగా మార్చడం నాకు నచ్చలేదు. అయినా 1974 నాటి నలుగురు వీరులను అదే నటులు, నిజంగానే పదిహేనేళ్ళ వయసు మీదపడిన ముఖాలతో మళ్ళీ పోషించడం ఏ మేకప్‌కూ సాధ్యం కానిది. అందుకే లోపాలున్నా నేను ఆ చిత్రం వైపే మొగ్గుతాను.