కాగితం గిరాకీకి, కర్ర సరఫరాకీ మల్టిప్లయర్ సరిపోతుందా?

ప్రశ్న: ఎం.ఏ. విద్యార్థిని, గుంటూరు
కాగితం గిరాకీ పెరిగితే దేశంలో ఏ రంగానికి ఎంత చేరుతుందన్నది నా ప్రాజెక్టు. కేంద్ర గణాంక శాఖ విడుదల చేసే 140 సరుకులు, 66 పరిశ్రమల సప్లై-యూజ్ పట్టికలతో (ఏ సరుకు ఎవరు తయారు చేశారు, ఎవరు వాడారు అని చూపేవి) లియోంటీఫ్ మల్టిప్లయర్లు కట్టాను, అంటే ఒక రంగంలో గిరాకీ రూపాయి పెరిగితే మిగతా రంగాల ఉత్పత్తి ఎంత పెరుగుతుందో చెప్పే అంకెలు. "అడవుల రంగం అంకెను నమ్మొచ్చా?" అని గైడ్ గారు అడిగారు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: కందుకూరు రైతుబిడ్డ
గుణకారం సరిగానే ఉంటుందండీ, కానీ అందులో కాలం లెక్క లేదు. గిరాకీ పెరిగిన ఏడాదే కర్ర కూడా వచ్చేస్తుందని ఆ పట్టిక అనుకుంటుంది. మా నాన్న వేసే సుబాబుల్ (కాగితం మిల్లులకు కర్రనిచ్చే చెట్టు) నరుకుడుకు రావాలంటే మూడు నాలుగేళ్లు. టన్ను ధర బాగున్న ఏడాది ఊరంతా నాటుతారు. అందరి కర్రా ఒకేసారి మిల్లు కాటా దగ్గరికి చేరి ధర కూలుతుంది. అప్పుడు మొదళ్లు పీకించి శనగకో పొగాకుకో మళ్లుతారు, కొన్నేళ్లకు మళ్లీ కొరత. పుస్తకాల్లో దీన్నే కాబ్‌వెబ్ అంటారు. మా వైపు అది పెళ్లిళ్లను కూడా వాయిదా వేయించింది.

కాబట్టి ఈ ఏటి సరఫరాను నాలుగేళ్ల కిందటి ధరతో ముడిపెట్టే సమీకరణం ఒకటి పట్టికకు జోడించండి. కర్ర చాలకపోతే మిల్లులు కాగితపు గుజ్జును విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటాయి. ఆ దారి వదిలేస్తే మీ పట్టిక బయటికి పోయే డబ్బు కూడా మన రైతుకే వచ్చినట్టు చూపిస్తుంది.

మిల్లు గేటు ధరను రైతు ధరగా మాత్రం తీసుకోకండి. నరుకుడు కూలి, బెరడు తీసే కూలి, లారీ కిరాయి, ఏజెంటు కోత పోగా మిగిలిందే మాది.

జవాబు: గణాంకాల ఉద్యోగి
ఇంకోటి. 66 పరిశ్రమల స్థాయిలో అడవుల రంగం ఒకటే వరుస. వంటచెరకు, తునికాకు, సుబాబుల్ అన్నీ అందులోనే. ఆ సగటు మల్టిప్లయర్ కాగితపు కర్రకు నప్పదు, విడగొట్టండి. 1988 అటవీ విధానం పరిశ్రమలను రైతుల కర్ర వైపు మళ్లమంది కాబట్టి కాగితం కథలో అడవి కంటే పొలమే ముఖ్యం.

విద్యార్థిని
ధన్యవాదాలండీ. ధర పడినప్పుడు అందరూ పీకేస్తారా?

కందుకూరు రైతుబిడ్డ
లేదండీ. నరికిన మొదలు మళ్లీ పిలకలు వేస్తుంది, ఖర్చు తక్కువ. నీళ్లున్నవాళ్లు ముందు మారతారు, మెట్టవాళ్లు ఉంచుకుంటారు. సరఫరా సమీకరణంలో రెండు గుంపులకూ వేర్వేరు గుణకాలు పెట్టండి.